పాత పెద్ద అక్వేరియం కొంటున్నారా? బేరం కంటే ముందు అతుకులు చూడండి

పెద్ద ట్యాంక్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందనగానే అందరి కళ్లూ అద్దం మీది గీతల మీదా, స్టాండు రంగు మీదా పడతాయి. లోపలివైపు ఉండే సన్న గీతలు నీళ్లు నిండాక పెద్దగా కనబడవు, రంగు మళ్లీ వేసుకోవచ్చు. ట్యాంకును నిలబెట్టేది మాత్రం అతుకులే.

అతుకుల్లో సిలికాన్ రెండు చోట్ల ఉంటుంది. అద్దానికీ అద్దానికీ మధ్య ఇరుక్కుని ఉండే పలుచని పొర ఒకటి. బరువు మోసేది అదే. లోపలి మూలల వెంట చేతికి తగిలే పట్టీ రెండోది. మధ్య పొరకు నీళ్లు తగలకుండా కాపాడటమే దాని పని. ఇంట్లో మనం మార్చుకోగలిగేది ఈ పట్టీనే. మధ్య పొర పోతే అద్దాలు విడదీసి మొత్తం మళ్లీ అతికించాల్సిందే, పెద్ద ట్యాంకు విషయంలో అది చేయి తిరిగినవాళ్ల పని. "కాస్త సిలికాన్ రాస్తే సరిపోతుంది" అని అమ్మేవాళ్లు అంటే, ఏ సిలికాన్ గురించి చెబుతున్నారో ముందు తేల్చుకోండి.

అందుకే టార్చ్‌లైట్ తీసుకెళ్లండి. బయటి నుంచి మూలకు ఆనించి వెలుగు వేస్తే, బాగున్న మధ్య పొర పైనుంచి కిందదాకా ఒకే రంగులో కనిపిస్తుంది. అద్దాన్ని వదిలేసిన చోట వెండిలా మెరిసే మచ్చ ఉంటుంది. మధ్యలో ఎక్కడో చిన్న బుడగ ఒకటి ఉంటే పర్వాలేదు. మచ్చ లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు పాకుతుంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. అద్దంలో పగులు ఉన్నా అదే మాట, వెంట్రుకంత ఉన్నా సరే. పైన అడ్డంగా అతికించే అద్దం పట్టీలు ఊడిపోయాయేమో కూడా చూడండి. నీళ్ల ఒత్తిడికి పొడవాటి అద్దం బయటికి ఉబ్బకుండా పట్టి ఉంచేవి అవే.

బరువు లెక్క కూడా అక్కడే వేసుకోండి. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 340 లీటర్లు పడతాయి. అంటే నీళ్లే 340 కిలోలు. అద్దం, రాళ్లు, స్టాండు వేరే. అతుకుల మీద ఒత్తిడి నీళ్ల ఎత్తును బట్టి పెరుగుతుంది కాబట్టి పాత ట్యాంకుల్లో పొడవు కంటే ఎత్తుకే ఎక్కువ భయపడాలి. చేపలకు రాగి కలిసిన మందులు వాడారేమో అడగండి. రాగి రాళ్లలో మిగిలిపోతే తర్వాత వేసే రొయ్యలకూ నత్తలకూ ప్రమాదం.

తెచ్చేటప్పుడు నీళ్లూ రాళ్లూ పూర్తిగా తీసేసి, అడుగు భాగం కింద చేతులు పెట్టి ఎత్తండి, పై పట్టీలు పట్టుకోకండి.

ఇక లోపలి సిలికాన్ పట్టీ మార్చడం. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌ను సరిగా పట్టుకోదు. కారుతున్న చోట మాత్రమే పూత వేసి ఊరుకుంటే కొన్నాళ్లకు అంచు లేచి మళ్లీ కారడానికి కారణం ఇదే. లోపలి పట్టీ మొత్తం తీసేయండి. బ్లేడును అద్దానికి దాదాపు ఆనించి నడపండి, మొన అద్దాల మధ్య సందులోకి పోకూడదు. పోతే బాగున్న మధ్య పొరను మనమే కోసినట్టు. తర్వాత కూడా కంటికి కనబడని పొర మిగులుతుంది, వేలితో రాస్తే రబ్బరులా పట్టుకుంటుంది. అది పోయేదాకా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. సబ్బు జోలికి పోవద్దు.

ట్యూబు కొనేటప్పుడు లేబుల్ చదవండి. అక్వేరియంకు పనికొస్తుందని రాసి ఉన్న సిలికానే తీసుకోండి. బాత్‌రూమ్ కోసం చేసినవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. గడువు తేదీ దాటిన ట్యూబు సరిగా గట్టిపడదు. మూలకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, మధ్యలో ఆపకుండా సిలికాన్ పెట్టి, గ్లవ్ వేసిన వేలితో ఒక్కసారి లాగి, పైన పొర కట్టకముందే టేపు తీసేయాలి. ఇక్కడ తొందరపడాల్సిందే, టేపు ఆలస్యమైతే అంచు చిరిగి వస్తుంది. ఆ తర్వాత మాత్రం తొందర వద్దు. సిలికాన్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. గంటకే పైన ఆరినట్టు అనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. పెద్ద ట్యాంకుకు వారం ఆగండి, వెనిగర్ లాంటి వాసన ఇంకా వస్తుంటే మరికొన్ని రోజులు.

పరీక్ష ఇంటి బయట, సమంగా ఉన్న నేల మీదే చేయండి. అడుగు భాగానికి ప్లాస్టిక్ ఫ్రేము లేకపోతే కింద ఫోమ్ షీటు పరవండి. ముందు పావు వంతు, తర్వాత సగం, ఆపైన నిండుగా, ఒక్కో దశలో ఒక రోజు ఆగుతూ నీళ్లు పోయండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. చల్లని నీళ్లకు అద్దం బయట చెమ్మ పడుతుంది, దాన్ని చూసి టెన్షన్ పడకుండా తుడిచి, మూలల కింద పొడి కాగితం పెట్టి చూడండి. కాగితం తడిస్తే అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి ట్యాంకు ఖాళీ చేయండి. అయితే చుక్క బయటపడ్డ చోటే లోపల చిల్లు ఉండాలని లేదు. అతుకు వెంట కాస్త దూరం పాకి కిందికి దిగుతుంది కాబట్టి ఆ వైపు పట్టీ అంతా వెతకాలి.