ప్రోగ్రామ్‌తో మెయిల్ పంపే ముందు

ప్రోగ్రామ్‌లో మిగతా తప్పులు చాలావరకు మన స్క్రీన్ దాటి పోవు. మెయిల్ అలా కాదు, వెళ్లిందంటే వెళ్లిందే. అందుకే పైథాన్‌లో జీమెయిల్ ద్వారా మెయిల్స్ పంపాలనుకునే కొత్తవాళ్లు రన్ నొక్కే ముందే కొన్ని చూసుకోవాలి.

మీ ఫైల్‌కి ‘ఈమెయిల్ డాట్ పీవై’ అని పేరు పెట్టకండి. పైథాన్‌లో అదే పేరుతో సొంత మాడ్యూల్, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది. దాని బదులు మీ ఫైల్ లోడ్ అయి, అర్థంకాని ఎర్రర్లు వస్తాయి.

ఇక పాస్‌వర్డ్. ‘తక్కువ భద్రత ఉన్న యాప్‌లను అనుమతించు’ సెట్టింగ్ ఆన్ చేయమని చెప్పే పాత పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి. మామూలు జీమెయిల్ ఖాతాలకు గూగుల్ దాన్ని 2022 మేలోనే ఆపేసింది. ఇప్పుడు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటి రెండో తనిఖీ) పెట్టుకుని, ప్రోగ్రామ్‌ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది దొరికినవాడిని ఓటీపీ కూడా ఆపదు. కాబట్టి ప్రయోగాలకు వేరే జీమెయిల్ ఖాతా తెరవడం మంచిది, బ్యాంకు మెయిల్స్ వచ్చేది అసలు వాడకండి. పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాయకుండా, కోడ్ బయట సిస్టమ్ దాచిపెట్టే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచండి. పొరపాటున కోడ్‌తో పాటు గిట్‌హబ్‌కి (కోడ్ దాచుకుని పంచుకునే సైట్) వెళ్లిపోతే ఆ లైన్ చెరిపేసి ఊరుకుంటే కుదరదు, పాత కమిట్‌లో, అంటే ముందు సేవ్ అయిన వెర్షన్‌లో, అది అలాగే ఉంటుంది. ఆ యాప్ పాస్‌వర్డ్‌నే వెంటనే రద్దు చేయాలి.

జీమెయిల్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యే పోర్ట్ (ద్వారం నంబర్ లాంటిది) 587 అయితే, లాగిన్‌కి ముందు కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే స్టార్ట్ టీఎల్ఎస్ పిలవాలి. 465 అయితే మొదటి నుంచే ఎన్‌క్రిప్ట్ అయిన ఎస్ఎస్ఎల్ కనెక్షన్. ఈ రెండూ కలిపేస్తే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తుంది, లేదా ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతుంది. కొన్ని సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసేలా టైమ్ అవుట్ పెట్టుకోండి.

అసలు ప్రమాదం, ఒకరి తర్వాత ఒకరికి మెయిల్ పంపే లూప్‌లో ఉంది. పైథాన్‌లో మెసేజ్ తయారుచేసే పాత పద్ధతి మైమ్ టెక్స్ట్‌తో ఒకే మెసేజ్ తయారుచేసి, లూప్‌లో ‘టూ’ (ఎవరికి అనే అడ్రస్) మారుస్తూ పంపుతుంటారు. అక్కడ కొత్త అడ్రస్ ఇస్తే పాతది పోదు, దాని కింద ఇంకోటి చేరుతుంది. మెయిల్ పంపే సెండ్ మెసేజ్ ఫంక్షన్ మాత్రం మొదటి అడ్రస్‌నే చూస్తుంది. అంటే క్లాసులో 60 మంది ఉంటే 60 మెయిళ్లూ మొదటివాడికే! అడ్రస్‌ను విడిగా ఇచ్చే సెండ్ మెయిల్ ఫంక్షన్ వాడితే ఇంకో తంటా, ముందువాళ్ల అడ్రస్‌లన్నీ తర్వాతివాళ్లకు కనబడతాయి. ప్రతి మనిషికీ లూప్ లోపలే కొత్త మెసేజ్ తయారుచేయండి. మైమ్ టెక్స్ట్ బదులు పైథాన్‌లోని కొత్త పద్ధతి ఈమెయిల్ మెసేజ్ క్లాస్ వాడితే ఇంకా మేలు, రెండో ‘టూ’ ఇవ్వగానే అది ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

టెస్టింగ్‌కి ఉత్తుత్తి మెయిల్ సర్వర్‌లా పనిచేసే ఏఐఓ ఎస్ఎంటీపీడీ అనే ప్యాకేజీని మీ కంప్యూటర్‌లోనే నడపొచ్చు. 8025 పోర్ట్‌కి పంపిన మెయిల్‌ను అది టెర్మినల్‌లో చూపిస్తుంది, ఎవరికీ పంపదు. నోటికొచ్చిన జీమెయిల్ అడ్రస్‌తో టెస్ట్ చేయకండి, అది ఎవరిదో నిజంగానే అయ్యుండొచ్చు. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే డొమైన్‌ను ఇలాంటి వాటికే కేటాయించారు.

నిజంగా పంపే రోజు ముందు మీకే ఒకటి పంపుకుని స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. మామూలు ఖాతాకు రోజుకు 500 మెయిల్స్ పరిమితి, దాటితే కొన్ని గంటలు పంపనివ్వరు. ఎర్రర్ రాలేదంటే సర్వర్ తీసుకుందనే అర్థం, చేరిందని కాదు. చేరనివి తర్వాత మీ ఇన్‌బాక్స్‌కే తిరిగొస్తాయి. ఎవరికి పంపారో ఒక్కొక్కటీ వెంటనే ఫైల్‌లో రాయించండి. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ మొదటి నుంచి అందరికీ పంపే పని ఉండదు.