చాక్లెట్ల పేర్లతో వచ్చే చల్లటి డెజర్ట్ కప్పులను రుచి చూడటం ఎలా?

బ్రిటన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బాలు దాటి రెండడుగులు వేస్తే ఒక అర నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు కనిపిస్తాయి. వాటి మీద చాక్లెట్ల పేర్లు ఉంటాయి. రోలో, ఏరో, మిల్కీబార్, ఫ్లేక్, క్రంచీ, బటన్స్. అన్నీ ఎప్పుడూ దొరకవు. కొన్ని ఏడాదికో రెండేళ్లకో మాయమై కొత్త రూపంలో మళ్లీ వస్తుంటాయి. కొత్తగా వెళ్లిన మనవాళ్లు చాక్లెట్‌నే కరిగించి కప్పులో పోశారనుకుంటారు. నిజానికి ఇవి పాలు, క్రీమ్‌తో చేసిన డెజర్ట్‌లు. అందులో చాక్లెట్ కొంతే ఉంటుంది, పేరు మాత్రం పూర్తిగా ఉంటుంది.

కాబట్టి వీటిని రుచి చూసేటప్పుడు "బాగుందా?" అని అడిగి లాభం లేదు. పంచదార, క్రీమ్, కోకో కలిస్తే బాగోకపోవడం కష్టం. కప్పు మీద పేరు చెరిపేస్తే, తిన్నవాళ్లు ఇది ఫలానా చాక్లెట్ అని పోల్చుకోగలరా? అడగాల్సింది ఇదీ. దీనికి జవాబు దొరకాలంటే కాస్త పద్ధతిగా తినాలి.

1. కొట్లోనే లేబుల్ చదవండి

పదార్థాల జాబితా చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ అందులో సగం రుచి ముందే తెలిసిపోతుంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం పేరులో గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతం ఉందో బ్రాకెట్లో రాయాలి. మిల్క్ చాక్లెట్ 10 శాతం అని ఉందనుకోండి. అక్కడ మిల్క్ చాక్లెట్‌లో కోకో పదార్థం 20 శాతం ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. అంటే వంద గ్రాముల డెజర్ట్‌లో ఆ చాక్లెట్ ద్వారా వచ్చే కోకో రెండు గ్రాములే కావచ్చు. మిగతా రంగు, చేదు విడిగా కలిపిన కోకో పొడి నుంచి వస్తాయి. కోకో పొడి పేరు జాబితాలో చాక్లెట్ కంటే ముందుంటే రుచి కూడా చాక్లెట్ బార్ కంటే కోకో పాలకే దగ్గరగా ఉంటుందని అనుకోవచ్చు.

తర్వాత గడ్డకట్టించే పదార్థం ఏదో చూడండి. మనవాళ్లకు ఇది రెండు విధాలా ముఖ్యం. చాలా మూస్‌లలో, అంటే గాలి నింపి నురగలా చేసిన డెజర్ట్‌లలో, జెలటిన్ ఉంటుంది. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. బీఫ్ జెలటిన్, పోర్క్ జెలటిన్ అని తరచుగా రాస్తారు, కానీ ఇండియాలోలా శాకాహార ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క తప్పనిసరి కాదు. శాకాహారులకు తగినది అన్న మాట గానీ గుర్తు గానీ కనిపించకపోతే జాబితా చదవక తప్పదు. ఒకే కంపెనీ కప్పుల్లో కూడా ఒకదానిలో ఉండి ఇంకోదానిలో ఉండకపోవచ్చు. ఇంటికి వచ్చిన చుట్టాలకు పెట్టేసి తర్వాత టెన్షన్ పడేకంటే కొట్లోనే అర నిమిషం నిలబడటం మేలు. గుడ్డు, పాలు, సోయా, గోధుమ లాంటి అలర్జీ పదార్థాలు ముదురు అక్షరాల్లో ఉంటాయి.

రెండో సంగతి నోటికి సంబంధించింది. జెలటిన్ మన ఒంటి వేడికే కరిగిపోతుంది, అందుకే జెలటిన్ మూస్ నాలుక మీద పెట్టగానే శుభ్రంగా మాయమవుతుంది. సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్, మొక్కజొన్న పిండి వేసినవి అలా కరగవు. అవి కస్టర్డ్‌లాగా కాసేపు నోట్లో నిలబడతాయి. రెండూ తప్పు కాదు. ఏది రాబోతోందో తెలిసి తింటే తేడా ఇట్టే పట్టుకోవచ్చు.

తేదీ కూడా చూసుకోండి. యూజ్ బై తేదీ దాటితే తినకూడదు. సాయంత్రం పూట పసుపు స్టిక్కర్ వేసి ధర తగ్గించిన కప్పులు చాలావరకు ఆ తేదీకి వచ్చినవే. రుచి పరీక్షకు అవి భేషుగ్గా పనికొస్తాయి, ఆ రోజే తినేట్టయితే.

2. ఏ చాక్లెట్‌కి ఏది ప్రాణమో రాసుకోండి

కప్పుతో పాటు దాని అసలు చాక్లెట్ కూడా ఒకటి కొనండి. చాక్లెట్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, గది వేడిలోనే ఉంచండి. ముందు దాన్ని ఒక ముక్క తిని, ఇందులో ఏది లేకపోతే ఇది ఇది కాదు అని ఆలోచించండి.

ఏరోని యార్క్‌లోని రౌన్‌ట్రీ కంపెనీ 1935లో తెచ్చింది. దాని ప్రాణం గాలిబుడగలు. కరిగిన చాక్లెట్‌లో గాలి నింపి, చుట్టూ పీడనం తగ్గిస్తే బుడగలు ఉబ్బుతాయి, అలాగే గట్టిపడనిస్తారు. ఫ్లేక్ 1920 నాటిది, క్యాడ్‌బరీ వాళ్లది. పల్చటి పొరలు మడతలు పడి, కొరికితే ఒళ్లో రాలిపోవడమే దాని గుణం. క్రంచీ 1929లో ఫ్రై కంపెనీ చేసింది. ఉడికిన పంచదార పాకంలో వంటసోడా వేస్తే పొంగి, ఆరాక గుల్లగా, కరకరలాడే ముద్ద అవుతుంది. దాని మీద చాక్లెట్ పూత. 1937లో మకింతోష్ తెచ్చిన రోలోలో సాగే కారమెల్. ఏరో, రోలో ఇప్పుడు నెస్లే చేతిలో ఉన్నాయి. రౌన్‌ట్రీ, మకింతోష్ కలిసి ఏర్పడిన కంపెనీని 1988లో నెస్లే కొనేసింది.

గమనించారా, వీటిలో ఏ ఒక్కదాని ప్రాణమూ చాక్లెట్ రుచిలో లేదు. బుడగ, రాలడం, కరకర, సాగడం. అన్నీ పంటికీ నాలుకకూ తెలిసేవే. కప్పులోకి మార్చేటప్పుడు కష్టమయ్యేవి కూడా సరిగ్గా అవే. మిల్కీబార్ ఒక్కటే కాస్త వేరు. దానిది పాల రుచి, డెజర్ట్‌లోకి తేలిగ్గా వచ్చేస్తుంది. అందుకే పోలిక పరీక్షలో దానికి మార్కులు పడితే అంత గొప్పేం కాదు.

3. చలి చేసే పని తెలుసుకోండి

నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ వెగటు పుట్టించేంత తియ్యగా ఉండేది ఇందుకే. పంచదార అంతే ఉంది, చలి పోయింది. వాసన కూడా చల్లటి పదార్థం నుంచి సరిగా పైకి లేవదు, చాక్లెట్ రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. దీనికి తోడు కోకో వెన్న కరిగేది 34 డిగ్రీల దగ్గర. ఫ్రిజ్ 5 డిగ్రీల్లో ఉంటుంది. కప్పులో చాక్లెట్ ముక్కలుంటే అవి మైనంలాగా పంటికి తగిలి, చుట్టూ ఉన్న క్రీమ్ గొంతు దిగాక గానీ కరగవు.

అందుకని ప్రతి కప్పునీ రెండు వేడిమిల దగ్గర తినాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఒక చెంచా, పది పదిహేను నిమిషాలు బల్ల మీద ఉంచాక ఇంకోటి. నాలుగు కప్పుల ప్యాక్ అయితే ఒకదాన్ని ముందే బయటపెట్టి, మరోదాన్ని లోపలే ఉంచి పక్కపక్కన తినొచ్చు. ఇదే మంచి పద్ధతి. బయటపెట్టినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకుండా పూర్తిచేయండి.

4. వరస కుదుర్చుకోండి

ఒక్కసారికి నాలుగు రకాలు చాలు. అయిదోదానికి నాలుక మొద్దుబారుతుంది. వైట్ చాక్లెట్ ముందు, తర్వాత తేలికైన మూస్, తర్వాత చిక్కటి కస్టర్డ్ రకాలు, చివర కారమెల్. ఆరెంజ్, పుదీనా ఉన్నవి ఏవైనా ఉంటే అన్నిటికంటే ఆఖరున. వాటి వాసన నోట్లోంచి ఓ పట్టాన పోదు. మధ్యలో గోరువెచ్చటి నీళ్లు ఒక గుక్క, ఉప్పూ తీపీ లేని క్రాకర్ బిస్కట్ చిన్న ముక్క. ఐస్ నీళ్లు వద్దు, అసలే చల్లబడ్డ నాలుకని ఇంకా చల్లబరుస్తాయి. ఆవకాయతో అన్నం తిన్న అరగంటకే ఈ పని పెట్టుకుంటే కష్టమే. కారం మంట దిగేదాకా ఆగండి.

5. తినేముందు చూడండి, వినండి

మూత ఒలిచాక పైన తేరుకున్న నీళ్లున్నాయేమో చూడండి. కొద్దిగా ఉంటే పాల విరుగుడే, పాడైందని కాదు. కానీ ఎక్కువగా ఉంటే కప్పు దారిలో వేడెక్కి మళ్లీ చల్లబడి ఉండొచ్చు.

మూస్ అయితే చెంచా నిలువుగా గుచ్చి మెల్లగా పైకి లాగండి. చెవి దగ్గర పెట్టుకుంటే బుడగలు చిట్లే సన్నటి చప్పుడు వినిపిస్తుంది. చెంచా లాగిన గుంత గోడ చూడండి. గుండుసూది తలంత రంధ్రాలు విడివిడిగా కనిపిస్తే ఆ మూస్ ఏరో పేరు నిలబెట్టినట్టే. స్పాంజి కంటే సన్నగా, నున్నగా ఉంటే అది ఏ పేరుతోనైనా అమ్ముకోగల మామూలు చాక్లెట్ మూస్.

6. చెంచా అడుగుదాకా దించండి

చాలామంది పైపొర గీరుకుని తింటూ కిందికి వెళ్తారు. పొరలున్న కప్పులో ఇలా చేస్తే మొదట క్రీమ్, ఆఖర్న కారమెల్ తిన్నట్టవుతుంది, డెజర్ట్ తిన్నట్టు కాదు. చిన్న టీ చెంచా నిటారుగా అడుగుదాకా దించి, అన్ని పొరలూ ఒకే చెంచాలోకి తెచ్చుకోండి. నోట్లో పెట్టుకోగానే నమలకుండా నాలుకతో అంగిలికి అదిమి, ఏది ముందు కరుగుతోందో, ఏది మిగులుతోందో చూడండి.

రోలో రకంలో నేను చూసేది కారమెల్ ఒక్కటే. పాకం పట్టడం వచ్చినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చెంచా ఎత్తితే కారమెల్ తీగలా సాగాలి, సాస్‌లా జారిపోకూడదు. అసలు రోలోలో కారమెల్ పంటికి కాస్త అంటుకుంటుంది. కప్పులో అంత చిక్కగా పెడితే ఫ్రిజ్‌లో బిగిసి చెంచా దిగదు, కాబట్టి పల్చన చేయక తప్పదు. ఎంత పల్చన చేశారన్నదే చూడాలి. పాలపంచదార మాడిన రుచి, చివర్లో చిటికెడు ఉప్పు తెలిస్తే పల్చదనాన్ని క్షమించవచ్చు. వట్టి తీపి మాత్రమే తెలిస్తే అది గోధుమరంగు పాకం, అంతే.

క్రంచీ, ఫ్లేక్ లాంటివాటిలో ముక్కలు వేరే అరలో ఇస్తే అందుకు కారణముంది. గుల్ల పాకం తేమని పీల్చుకుని మెత్తబడిపోతుంది. చాక్లెట్ పూత కొంతవరకే కాపాడుతుంది. మొత్తం ఒకేసారి వంచేయకుండా చెంచా చెంచాకీ కొన్ని చల్లుకుని తినండి. కొన్ని ముక్కలు కావాలనే ముందు కలిపేసి, అయిదు నిమిషాలు ఆగి చూడండి. కరకర పోయి అడుగున తేనెరంగు మరక మిగిలితే పూత పల్చగా ఉందన్నమాట.

7. ముక్కు మూసుకుని ఒక చెంచా

పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. ముక్కు గట్టిగా పట్టుకుని చెంచా నోట్లో పెట్టుకోండి. తీపి, చల్లదనం, నునుపు మాత్రమే తెలుస్తాయి. మింగకుండానే ముక్కు వదిలేస్తే కోకో, వెనిల్లా, పాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. వచ్చినదాంట్లో వెనిల్లాదే పైచేయి అయితే కోకో తక్కువ వేశారని నా లెక్క. పదిహేను నిమిషాలు బయట ఉన్న కప్పుతో కూడా ఇదే చేయండి. తేడా అక్కడే బాగా తెలుస్తుంది. కొన్ని కప్పులు చల్లగా ఉన్నప్పుడు గొప్పగా ఉండి, చలి పోగానే చక్కెర నీళ్లవుతాయి.

8. పేరు తెలియకుండా తినిపించండి

చివరి పరీక్షకు ఇంకొకరి సాయం కావాలి. బ్రాండ్ కప్పుతో పాటు అదే రకంలో సూపర్‌మార్కెట్ సొంత పేరుతో అమ్మేది ఒకటి తెచ్చి, రెండింటినీ ఒకేలాంటి గిన్నెల్లోకి, పొరలు చెదరకుండా పెద్ద చెంచాతో తీసి పెట్టండి. గిన్నెల అడుగున గుర్తు వేసుకోండి. తినేవాళ్లని ఏది బాగుంది అని అడగొద్దు, "ఇది ఏ చాక్లెట్?" అని అడగండి. రోలో అని చెప్పగలిగారా, ఊరికే కారమెల్ అన్నారా? ఏరో అన్నారా, మూస్ అన్నారా? పేరు పోల్చుకోలేకపోతే ఆ కప్పుకి పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, సొంత బ్రాండ్‌ది కొనుక్కోవచ్చు. బుడగల రకం, గుల్ల ముక్కల రకం ఈ పరీక్షలో నెగ్గే అవకాశం ఎక్కువ. బటన్స్ లాంటి సాదా మిల్క్ చాక్లెట్ రకాలు ఇక్కడ తేలిపోతాయి. రుచి బాగోక కాదు, చల్లటి క్రీమ్‌లో ఒక మిల్క్ చాక్లెట్‌కీ ఇంకోదానికీ తేడా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.