డిస్కు బాగుండగానే కాపీ తీసుకోండి: పాత ప్లేస్టేషన్ ఆటలు కంప్యూటర్‌లో

1998లో మావయ్య కువైట్ నుంచి సెలవుకి వస్తూ మాకో ప్లేస్టేషన్ (టీవీకి తగిలించి ఆడుకునే సోనీ ఆటల మెషీన్) తెచ్చారు. పి.గన్నవరం దగ్గర లంకలో మా ఇల్లు. తర్వాత దాని లెన్సు పోయింది, డిస్కులు మాత్రం పద్నాలుగు మిగిలాయి. 2022 జూలై వరదకి అమ్మ వాటిని ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలో సర్ది మేడ మీదికి చేర్చింది. నీళ్ళు తీశాక విప్పి చూస్తే రెండింటి మీద బూజు. అందుకే ఎమ్యులేటర్ (పాత మెషీన్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) గురించి అడిగే ప్రతివాళ్ళకీ ముందు డిస్కు సంగతే చెబుతున్నాను. ఎమ్యులేటర్ ఎప్పుడైనా దించుకోవచ్చు. డిస్కు పాడైతే మళ్ళీ రాదు.

ముందు శుభ్రం చేయాలి. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి పాత నూలుగుడ్డతో మధ్య కన్నం నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవొద్దు. డిస్కులో సమాచారం చుట్లు చుట్లుగా ఉంటుంది. ఆ చుట్టు వెంబడి గీత పడితే ఒకేచోట చాలా సమాచారం పోతుంది. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడిన గీతనైతే డిస్కులోని ఎర్రర్ కరెక్షన్ చాలావరకు సరిచేసుకుంటుంది. బొమ్మ ఉన్న పైవైపు ఇంకా జాగ్రత్త, మెరిసే పొర సరిగ్గా దాని కిందే ఉంటుంది. తుడిచాక నీడలో ఆరనివ్వండి.

ఇక కాపీ. యూఎస్‌బీ డీవీడీ డ్రైవు, విండోస్‌లో ఇమ్‌జ్‌బర్న్ (ImgBurn) అనే డిస్కు కాపీ సాఫ్ట్‌వేర్ చాలు. డిస్కు నుంచి ఇమేజ్ ఫైల్ తయారుచేసే ఆప్షన్ ఎంచుకుని, వేగం తగ్గించి చదివించండి. బిన్ (డిస్కులోని సమాచారం), క్యూ (అందులో ఏ ట్రాకు ఎక్కడుందో చెప్పే చిన్న టెక్స్ట్) అని రెండు ఫైళ్ళు వస్తాయి. ఐఎస్ఓ అనే ఇంకో రకం ఇమేజ్‌గా తీయొద్దు, చాలా ఆటల్లో పాటలు విడి ఆడియో ట్రాకులుగా ఉంటాయి, అవి పోతాయి. నేను మొదట అలాగే తీసి, రేసు ఆటలో సంగీతం ఎందుకు రావట్లేదా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఇంకోటి, బిన్ ఫైల్ పేరు మారిస్తే క్యూ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి లోపల ఉన్న పేరూ మార్చాలి. లేకపోతే ఆట తెరుచుకోదు.

గల్ఫ్ నుంచి వచ్చిన మా డిస్కులు పాల్ (PAL అనే టీవీ పద్ధతి) రకం. వీటిలో చాలావరకు 50 హెర్ట్జ్‌లో నడుస్తాయి, 60 హెర్ట్జ్ అమెరికా డిస్కుల కంటే కొన్ని ఆటలు నెమ్మదిగా అనిపిస్తాయి. అది మీ కంప్యూటర్ తప్పు కాదు. కొన్ని పాల్ ఆటలకు లిబ్‌క్రిప్ట్ అనే కాపీ నిరోధక రక్షణ కూడా ఉంటుంది. మామూలు కాపీలో ఆ వివరం రాదు కాబట్టి వాటికి ఆ వివరం ఉండే ఎస్‌బీఐ (.sbi) ఫైల్ విడిగా కావాలి.

ఎమ్యులేటర్‌గా నేను వాడేది డక్‌స్టేషన్. దీనికి కన్సోల్ బయోస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే దాని సొంత ప్రోగ్రాం) కావాలి, 512 కేబీ ఫైల్. అది సోనీ కాపీరైట్ కాబట్టి మీ సొంత మెషీన్ నుంచే తీసుకోండి. మా దాని లెన్సు పోయినా బోర్డు బాగానే ఉంది. వెనక పోర్టుకి కార్ట్రిడ్జ్ తగిలించి అమలాపురంలో ఉన్న స్నేహితుడు తీసిచ్చాడు. ఆ ఫైల్‌ని బయోస్ ఫోల్డర్‌లో పెట్టి, ఆటల ఫోల్డర్ చూపించి, కంట్రోలర్ బటన్లు కేటాయిస్తే ఆట మొదలవుతుంది. ఇంటర్నల్ రిజల్యూషన్ మూడు రెట్లు పెంచి, సెట్టింగ్స్‌లో పీజీఎక్స్‌పీ (PGXP) ఆన్ చేయండి. అసలు మెషీన్ బిందువుల స్థానాలను పూర్ణసంఖ్యలకు కుదించేది, అందుకే గోడలు వణుకుతున్నట్టు కనిపించేవి. పీజీఎక్స్‌పీ ఆ వణుకు చాలావరకు తగ్గిస్తుంది.

మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. సేవ్ స్టేట్ (ఆటని ఆ క్షణంలో ఉన్నదున్నట్టు ఎమ్యులేటర్ దాచే ఫైల్) ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆటలోని మెమరీ కార్డ్‌లో కూడా సేవ్ చేయండి. ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వచ్చాక పాత సేవ్ స్టేట్ తెరుచుకోకపోవచ్చు, మెమరీ కార్డ్ సేవ్‌కి ఆ ఇబ్బంది ఉండదు. కార్డులో సేవ్‌లకి 15 బ్లాకుల చోటే ఉంటుంది కాబట్టి ఎమ్యులేటర్‌లో ఒక్కో ఆటకీ విడి కార్డు పెట్టుకోండి.

కాపీలు రెండు చోట్ల ఉంచండి. మా ఇంట్లో ఒకటి, హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గర ఒకటి ఉన్నాయి. అసలు డిస్కులు ఇప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే, ఇంటి పత్రాలతో పాటే ఆ డబ్బా కూడా మేడెక్కుతుంది.