ఇజా ప్రవాసుల న్యాయపోరాటంపై చెన్నైలో అధ్యయన సభ నడపడం ఎలా?

చెన్నైలో ఓ పదిహేను మంది తెలుగువాళ్లు ఆదివారం సాయంత్రం ఒకచోట కూర్చుని, నైజీరియాలోని ఇజా ప్రజల గురించి, లండన్‌లోనో అమెరికా నగరాల్లోనో స్థిరపడి కూడా చమురు వల్ల దెబ్బతిన్న సొంత ఊళ్ల కోసం పాటుపడుతున్న ఇజా ప్రవాసుల గురించి తెలుసుకోవాలనుకుంటే, ముందుగా సిద్ధం చేసుకోవలసింది ఒక పటం. అచ్చు పటం గోడకు తగిలిస్తే ఎవరూ లేచి చూడరు. పెద్ద తెల్లకాగితం బల్లమీద పరచి, అందరూ చూస్తుండగా చేత్తోనే గీయండి. నైజర్ నది సముద్రానికి దగ్గరవుతూ నన్, ఫోర్కాడోస్ అనే రెండు పెద్ద పాయలుగా చీలి, ఆపైన లెక్కలేనన్ని ఉప్పుటేళ్లుగా విడిపోతుంది. ఈ ప్రాంతమే నైజర్ డెల్టా. ఆ ఉప్పుటేళ్ల ఒడ్డున, మడ అడవుల నడుమ ఇజా ఊళ్లు ఉంటాయి. ముందుగా యెనగోవా, పోర్ట్ హార్‌కోర్ట్, వారీ నగరాలను గుర్తించి, తరువాత ఒలోయిబిరి, కయామా, ఓడి, ఒరుమా, బిలే అనే అయిదు చిన్న ఊళ్లకు చుక్కలు పెట్టండి. సభలో చెప్పబోయే కథలో చాలా భాగం ఈ అయిదు చుక్కల చుట్టూనే తిరుగుతుంది.

ఎన్నూరు ఉప్పుటేరును ఒక్కసారైనా చూసినవారికి ఈ పటాన్ని వివరించే పని ఉండదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో కలిసి చమురు తెట్టు ఆ ఏటిలోకి చేరినప్పుడు పడవల అంచులకు, వలలకు, మడచెట్ల వేళ్లకు నల్లని జిగురు ఎలా పట్టిందో నగరమంతా పత్రికల్లో చూసింది. నైజర్ డెల్టాలో అటువంటి దృశ్యం దశాబ్దాలుగా ఒక ఊరి తరువాత మరో ఊరిలో కనబడుతూనే ఉంది. పోలికను అక్కడితో ఆపండి. ఎన్నూరు గురించి మాట్లాడాలంటే అందుకు వేరే సభ పెట్టుకోవడం మంచిది, లేకపోతే ఇజా ప్రజలు మన కథకు ఉపమానంగా మిగిలిపోతారు.

రెండవ పని పేర్లు సరిచూసుకోవడం. మేము మొదటిసారి సభ పెట్టినప్పుడు కరపత్రంలో నైజీరియా రచయిత, పర్యావరణ ఉద్యమకారుడు కెన్ సారో-వివాను ఇజా నాయకుడిగా అచ్చువేశాము. సభకు వచ్చిన ఒక నైజీరియా విద్యార్థి కరపత్రాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, టీ విరామంలో నన్ను పక్కకు పిలిచి, ఆయన ఒగోనీ అని మెల్లగా చెప్పాడు. ఒగోనీలు ఇజాలకు పొరుగువారు. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం సారో-వివాతో పాటు మరో ఎనిమిదిమందిని ఉరితీసింది కనుక ప్రపంచానికి ఆ పేరే ముందు తెలిసింది, మాకూ అంతే. కోస్తావాళ్ల ఉద్యమాన్ని కన్నడిగులదని ఎవరైనా రాస్తే మనకు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం అర్థమైంది. ఇజాలు తమ భాషలో తమను ఇజాన్ అని పిలుచుకుంటారు. కలబారి, నెంబే, ఒక్రికా వంటి శాఖలకు వేర్వేరు భాషారూపాలు ఉన్నాయి. బయెల్సా రాష్ట్రంలో వారే అధికసంఖ్యాకులు, రివర్స్, డెల్టా, ఓండో వంటి ఇతర రాష్ట్రాల్లో కూడా విస్తరించి ఉన్నారు. ఇలా చెదిరి ఉండటమే వారి రాజకీయ ఫిర్యాదులలో ఒకటి, అందువల్ల రాష్ట్రాల సరిహద్దులను పటంలో వేరే రంగుతో గీయడం మరచిపోకండి.

సభలో ఎక్కువ సమయం కేటాయించవలసింది కయామా ప్రకటనకు. 1998 డిసెంబరు 11న, అయిదువందలకు పైగా ఊళ్ల నుంచి వచ్చిన ఇజా యువకులు కయామాలో సమావేశమై దానిని ఆమోదించారు. ఇజా యూత్ కౌన్సిల్ పుట్టింది అక్కడే. ఆ ఊరిని ఎంచుకోవడం కాకతాళీయం కాదు. 1966 ఫిబ్రవరి 23న నైజర్ డెల్టా గణతంత్రాన్ని ప్రకటించి, పన్నెండు రోజుల పాటు ప్రభుత్వ సేనలను ఎదిరించిన ఐజక్ అడాకా బోరోది కయామాయే. ఇజాలు ఎక్కడ ఉన్నా ఏటా మే 16న ఆయనను తలచుకుంటారు. ప్రకటన చిన్నదే కనుక ముక్కలుగా విడదీసి, ముగ్గురు నలుగురికి ఒక్కొక్క భాగం ఇచ్చి, అక్కడికక్కడే తెలుగు చేయించండి. తెలుగు చేసేటప్పుడే అసలు చర్చ పుడుతుంది.

మా సభలో ఒక మిత్రుడు స్వయంనిర్ణయాన్ని ‘ప్రత్యేక దేశం’ అని రాశాడు. ప్రకటన అలా అడగలేదు. నైజీరియాలోనే ఉంటామని, అయితే ఇజా ప్రజలకు స్వపరిపాలన, వనరులపై అధికారం కావాలని, దేశం జాతుల సమాఖ్యగా నడవాలని అందులో స్పష్టంగా ఉంది. బోరో 1966లో కోరినది వేరు, ఈ యువకులు 1998లో కోరినది వేరు. రెండింటికీ తెలుగులో ఒకే మాట వాడితే ముప్పై రెండేళ్ల ఆలోచన చెరిగిపోతుంది. మనవాళ్లు దీనిని తేలికగానే పట్టుకోగలరు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న ప్రాణం విడిచింది రాష్ట్రం కోసమే గాని దేశం నుంచి విడిపోవడానికి కాదని చెన్నై తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడితే, బయెల్సా రాష్ట్రం 1996లో అదే తేదీన ఏర్పడింది. ఇది కేవలం యాదృచ్ఛికం, అయినా సభలో ఈ మాట చెప్పగానే వెనక వరుసలో ఉన్నవారు కూడా తలెత్తి విన్నారు.

వనరులపై అధికారం అన్నప్పుడు దేని గురించి మాట్లాడుతున్నారో అంకెలతో చెప్పాలి. ఒలోయిబిరిలో చమురు 1956లో బయటపడింది, 1958లో ఎగుమతి మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఖనిజాలపై వచ్చే రాయల్టీలో, కౌలులో సగం ఆ ప్రాంతానికే దక్కేది. సైనిక పాలనలో ఆ వాటా 1.5 శాతానికి దిగజారింది, 1992లో 3 శాతమైంది, 1999 రాజ్యాంగం కనీసం 13 శాతం ఇవ్వాలని నిర్ణయించింది. 1969 పెట్రోలియం చట్టం చమురును కేంద్ర ప్రభుత్వానికి, 1978 భూవినియోగ చట్టం భూమిని రాష్ట్ర గవర్నర్లకు అప్పగించాయి. కయామా ప్రకటన తమ ప్రమేయం లేకుండా చేసిన ఇటువంటి శాసనాలను గుర్తించబోమని చెప్పి, చమురు కంపెనీలు 1998 డిసెంబరు 30లోగా పనులు ఆపాలని కోరింది. బదులుగా సైన్యం వచ్చింది. యెనగోవాలో, కయామాలో కాల్పులు జరిగాయి, బయెల్సాలో అత్యవసర పరిస్థితి విధించారు. మరుసటి ఏడాది, ఎన్నికైన ప్రభుత్వం వచ్చాక కూడా, పన్నెండుమంది పోలీసుల హత్యకు ప్రతిగా 1999 నవంబరు 20న సైనికులు ఓడి పట్టణం మీద పడి దాదాపు ప్రతి ఇంటినీ నేలమట్టం చేశారు. ఆ పట్టణవాసులకు 37.6 బిలియన్ నైరాల పరిహారం చెల్లించాలని 2013లో పోర్ట్ హార్‌కోర్ట్‌లోని ఫెడరల్ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇక్కడ ప్రవాసుల పాత్ర గురించి చెప్పండి. ఇజా నేషనల్ అలయన్స్ ఆఫ్ ది అమెరికాస్, బ్రిటన్‌లోని ఇజా పీపుల్స్ అసోసియేషన్ వంటి సంఘాలు ఊరివారి మాటను విదేశీ ప్రభుత్వాల దాకా, పత్రికల దాకా తీసుకువెళ్లడం, బోరో దినం జరపడం, పిల్లలకు భాష మరవకుండా చూడడం వంటి పనులు చేస్తాయి. వినడానికి ఇవి మామూలు కులసంఘం పనుల్లాగా అనిపించవచ్చు. అయితే చమురు కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఉండేది లండన్‌లో, అమెరికాలో; షెల్ కంపెనీది 2022 దాకా హేగ్‌లో ఉండేది. ఊరిలో జరిగిన నష్టాన్ని ఆ నగరాల కోర్టులకు అర్థమయ్యే కాగితంగా మార్చగల మనుషులు అక్కడే ఉండటం ఎంత అవసరమో చెప్పడానికి ఒరుమా కథ చాలు.

ఒరుమా బయెల్సాలోని చిన్న ఊరు. 2005 జూన్‌లో అక్కడ భూమిలోని గొట్టం నుంచి చమురు లీకై చేపల చెరువులను, పొలాలను పాడుచేసింది. ఆ ఊరివారితో పాటు మరో రెండు ఊళ్ల రైతులు, ఒక డచ్ పర్యావరణ సంస్థ తోడు రాగా, 2008లో షెల్ మీద నెదర్లాండ్స్ కోర్టుకు వెళ్లారు. దావా వేసి పన్నెండేళ్లు దాటాక, 2021 జనవరి 29న, హేగ్ అప్పీలు కోర్టు ఒరుమాలో, ఆ రెండు ఊళ్లలో ఒకటైన గోయిలో జరిగిన లీకులకు షెల్ నైజీరియా కంపెనీ బాధ్యత వహించాలని తేల్చింది. 2022 డిసెంబరులో 1.5 కోట్ల యూరోల పరిహారానికి ఒప్పందం కుదిరింది. దావా వేసిన రైతులలో కొందరు తీర్పు వినకుండానే కన్నుమూశారు. 2021 ఫిబ్రవరి 12న బ్రిటన్ సుప్రీంకోర్టు బిలే, ఒగాలే ఊళ్ల ప్రజలు షెల్ మాతృసంస్థ మీద కూడా దావా నడుపుకోవచ్చని చెప్పింది. అన్నీ గెలుపులే అనుకోకండి. అమెరికాలో షెవ్రాన్ మీద 1999లో వేసిన దావాలో 2008 డిసెంబరున జ్యూరీ కంపెనీ పక్షానే నిలిచింది. సభలో ఈ ఓటమి గురించి కూడా చెప్పకపోతే విన్నవారు కోర్టును కల్పవృక్షంలా ఊహించుకుంటారు.

దీని తరువాత ఒక చిన్న అభ్యాసం చేయించండి, మా అనుభవంలో సభలో అందరికీ గుర్తుండిపోయేది ఇదే. నైజీరియాలో చమురు ఒలికినప్పుడు కంపెనీ మనుషులు, ప్రభుత్వ అధికారులు, ఊరి ప్రతినిధులు కలిసి చోటు చూసి ఒక ఫారం నింపి సంతకాలు చేస్తారు. కారణం తుప్పా, దొంగతనమా అన్నది, ఎన్ని పీపాల చమురు పోయిందన్నది అందులోనే రాస్తారు. పరిహారం మొత్తం ఆ రెండు గడుల మీదనే ఆధారపడుతుంది. 2008లో పొరుగునున్న ఒగోనీ ఊరు బోడోలో జరిగిన మొదటి లీకులో 1,640 పీపాలు పోయినట్లు నమోదు చేయగా, ఆమ్నెస్టీ సంస్థ కోసం జరిపిన స్వతంత్ర అంచనా అది లక్షకు పైగా ఉంటుందని తేల్చింది. అటువంటి ఫారం ఒకటి ఖాళీగా గీసి, సభికులను మూడు పక్షాలుగా విడదీసి, పది నిమిషాల్లో నింపమనండి. మా సభలో ఊరి ప్రతినిధిగా కూర్చున్న పెద్దాయన, బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినవారు, కారణం గడిని ఖాళీగా వదిలి సంతకం పెట్టేశారు. ‘తరువాత నింపుతామన్నారు కదండీ’ అన్నారు ఆయన. గదిలో ఎవరూ నవ్వలేదు.

నైజీరియా విద్యార్థులను పిలవాలనుకుంటే ముందు వారి క్షేమం ఆలోచించండి. విద్యార్థి వీసా మీద ఉన్నవారు రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొన్నారని ముద్ర పడితే చిక్కులు వస్తాయి. 2019 డిసెంబరులో ఇదే నగరంలో చదువుతున్న ఒక జర్మన్ విద్యార్థి ప్రదర్శనలో పాల్గొన్నందుకు దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. అందువల్ల గది లోపల జరిగే అధ్యయనానికి మాత్రమే పిలవండి, ఫొటోలు తీయకండి, పేరు అడిగి రాసుకోకండి. వచ్చిన వ్యక్తి ఇజా అయివుంటారన్న నమ్మకం కూడా పెట్టుకోకండి, యొరుబానో ఇగ్బోనో అయివుండవచ్చు, వారి అభిప్రాయం వేరుగా ఉండవచ్చు. వీధిలో ప్రదర్శన తలపెడితే మాత్రం పోలీసు అనుమతికి కనీసం అయిదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి.

డబ్బు విషయంలో నా సలహా ఒక్కటే, సభలో చందా డబ్బా పెట్టకండి. విదేశీయులు ఇచ్చినది రూపాయలలో ఇచ్చినా విదేశీ విరాళం కిందకే వస్తుంది, విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని సంఘం దానిని తీసుకోకూడదు. టీ ఖర్చు తెలుగువాళ్లే పంచుకోవచ్చు.

చర్చలో తప్పక వచ్చే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. ఆయుధాలు పట్టినవారి సంగతేమిటని అడుగుతారు. 2006 నుంచి మెండ్ అనే సాయుధ కూటమి గొట్టాలను పేల్చింది, విదేశీ ఉద్యోగులను అపహరించింది, 2009లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి ఆయుధాలు అప్పగించినవారికి భత్యం ఇచ్చింది. దీనిని దాచకుండా చెప్పండి, కయామా ప్రకటనతో కలిపేయకండి. ఇజా మనిషే దేశాధ్యక్షుడయ్యాడు కదా అని మరొకరు అంటారు. నిజమే, ఒలోయిబిరి ఉన్న ఒగ్బియా ప్రాంతానికే చెందిన గుడ్‌లక్ జోనాథన్ 2010 నుంచి 2015 వరకు అధ్యక్షుడు. మాజీ ఆర్చిబిషప్ జాన్ సెంటాము అధ్యక్షతన బయెల్సా రాష్ట్రం నియమించిన కమిషన్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ ఒక్క రాష్ట్రాన్ని శుభ్రపరచడానికే 1,200 కోట్ల డాలర్లు కావాలి. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి సభికులకే వదిలేయండి. అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న, దూరదేశంలో సుఖంగా ఉన్నవాడికి ఊరి తరఫున మాట్లాడే హక్కు ఎక్కడిదని. చెన్నైలో ఉంటూ పుట్టిన ఊరి గొడవలపై తీర్పులు చెప్పే మనకు ఈ ప్రశ్న కాస్త గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి.

చివరగా, సభలో తయారైన కయామా ప్రకటన తెలుగు పాఠాన్ని శుభ్రంగా రాసి, ఏ మాటకు ఏ మాట ఎందుకు ఎంచుకున్నారో అంచున గుర్తుపెట్టి దాచండి. షెల్ తన నైజీరియా తీరభూమి వ్యాపారాన్ని 2025 మార్చిలో స్థానిక కంపెనీలే ఎక్కువగా ఉన్న కూటమికి అమ్మేసింది కనుక పాత లీకుల బాధ్యత ఎవరిదన్న వివాదం ముందుముందు పెరుగుతుంది. తరువాతి సభకు ఆ విషయం తీసుకోవచ్చు. పటాన్ని పారేయకండి, అదే కాగితం మీద కొత్త చుక్కలు పెట్టుకోవచ్చు.