మోరిస్ మైనర్‌కు ఇంట్లోనే టోబార్ చేసి బిగించడం ఎలా?

బ్రిటన్‌లో 1998 ఆగస్టు 1 నుంచి రిజిస్టరైన కార్లకు టైప్ అప్రూవల్ (పరీక్షించి ఇచ్చే అధికారిక ఆమోదం) పొందిన టోబార్‌నే (ట్రైలర్‌ను లాగేందుకు కారు వెనుక ఉండే ఇనుప చట్రం) బిగించాలి. అంతకు ముందటి కార్లకు ఆ నిబంధన వర్తించదు కనుక, మన దేశంలో ఒకప్పుడు బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగిన మోరిస్ మైనర్‌కు టోబార్‌ను సొంతంగా తయారుచేసుకోవచ్చు. పైగా నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని కార్లకు అక్కడ కారు రోడ్డుకు తగినదేనా అని ఏటా జరిపే ఎం.ఓ.టి. పరీక్ష కూడా తప్పనిసరి కాదు. చేసిన పనిని చూసి తప్పుపట్టేవారు ఉండరు కాబట్టే బంపర్ బ్రాకెట్లకు ఒక పలక తగిలించి, దానికే ట్రైలర్‌ను తగిలించే ఇనుప బంతి బిగించి, దాన్నే టోబార్ అనుకుంటున్నవారు ఇంతమంది ఉన్నారు. బంపర్ బ్రాకెట్లు బంపర్‌ను మోయడానికే పనికివస్తాయి.

కావలసినవి కొద్దే. 5 మి.మీ. మందం గల 50 మి.మీ. చదరపు ఇనుప గొట్టం, బంతి కోసం 10 మి.మీ. పలక, 50 మి.మీ. బంతి, 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టులు, వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న ఉక్కు నట్లు ఉంటే చాలు. జింకు పూత పూసిన గొట్టం మాత్రం కొనవద్దు. వెల్డింగ్ వేడికి దాని నుంచి వచ్చే పొగ హానికరం. వెనుక అడ్డంగా ఒక గొట్టం, దాని నుంచి కారు నేల కిందుగా ముందుకు సాగే రెండు చేతులు, మధ్యలో బంతి పలక: నిర్మాణం ఇంతే. బంతికి రెండు ఎం16 (16 మి.మీ. లావు) బోల్టులు, వాటి మధ్య దూరం 90 మి.మీ. కారులో బరువు ఉన్నప్పుడు బంతి మధ్యభాగం రోడ్డు నుంచి 350, 420 మి.మీ.ల మధ్య ఎత్తులో ఉండాలి.

ఇక అసలు పని బిగింపు. మైనర్‌కు విడిగా షాసీ (బాడీ కింద ఉండే ఇనుప చట్రం) లేదు. రేకులను మడిచి చేసిన పెట్టె లాంటి కమ్ములే బరువును మోస్తాయి. ట్రైలర్ బంతిని కిందికి నొక్కిన ప్రతిసారీ వెనుక బోల్టులు కిందికి లాగబడతాయి, చేతుల ముందు కొసలు కారు నేలను పైకి నెడతాయి. అందుచేత చేయి వీలైనంత పొడవుగా ఉండాలి, ఒక్కో చేతికి మూడు బోల్టులు పడాలి. రెండు చాలునన్న మాట నేను ఒప్పుకోను.

ముందుగా వెనుక స్ప్రింగుల కొక్కేల చుట్టూ తారు పూతను పూర్తిగా గీకి, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. అది దిగితే టోబార్ ఆలోచన పక్కనపెట్టి తుప్పు పని చేయించుకోండి. పెట్రోలు ట్యాంకు డిక్కీ నేల కిందే ఉంటుంది కనుక, దాన్ని దింపి ఆరుబయట దూరంగా పెట్టనిదే డ్రిల్లు ముట్టవద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదకరం.

కమ్మికి నేరుగా బోల్టు వేసి బిగిస్తే రేకు లోపలికి నలుగుతుంది, నలిగిన కొద్దీ బోల్టు వదులవుతుంది, మళ్లీ బిగిస్తే మళ్లీ నలుగుతుంది. అందుకే ప్రతి రంధ్రంలోనూ బోల్టు పట్టేంత మందపాటి గొట్టం ముక్కను దూర్చి, బిగింపు ఒత్తిడి రేకు మీద కాక ఆ ముక్క మీద పడేటట్లు చూడాలి. దాని పొడవు కమ్మి వెలుపలి లోతుకు సరిగ్గా సమానంగా ఉండాలి: అర మిల్లీమీటరు తగ్గితే రేకే ముందు నలుగుతుంది, పెరిగితే పలక రేకుకు ఆనదు. ఒక రంధ్రం కొలతతో అన్ని ముక్కలూ కోయవద్దు. ప్రతిదాన్నీ విడిగా కొలిచి, కాస్త పొడవుగా కోసి, ఆకురాయితో సరిచేయండి. డిక్కీ లోపల బోల్టుల కింద వాషర్లు చాలవు, కనీసం 100 మి.మీ. పొడవున్న 5 మి.మీ. పలక వేయాలి. దాని అంచులు, మూలలు గుండ్రంగా అరగదీయకపోతే అవే రేకును కోస్తాయి. టోబార్‌నే బాడీకి వెల్డింగ్ చేస్తే పోతుందనేవారున్నారు. వెల్డింగ్ అంచున పలుచని రేకు పగిలినా పైకి కనబడదు, బోల్టయితే వదులైనప్పుడు చేతికి తెలుస్తుంది. ఎం12 బోల్టులను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 80 న్యూటన్ మీటర్ల వరకు బిగించి, మొదటిసారి ట్రైలర్ లాగి వచ్చాక మళ్లీ చూడండి.

ట్రైలర్ దీపాలకు కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల సాకెట్ తీగలు కలపడం తేలికే. అయితే మైనర్‌లో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్ కొస. మామూలు బల్బులకు దానితో పేచీ లేదు, ఎల్.ఇ.డి. దీపాలు మాత్రం వెలగవు కాబట్టి ట్రైలర్‌కు బల్బుల బోర్డే కొనండి. బ్రేకులు లేని ట్రైలర్, సరుకుతో కలిపి, కారు ఖాళీ బరువులో సగాన్ని మించకూడదు; మైనర్ సెలూన్‌కు అది నాలుగు వందల కిలోలకు లోపే.