చలికాలం క్యాబేజీ: గడ్డ గట్టిగా కట్టాలంటే

ఆకులు బ్రహ్మాండంగా వచ్చాయి గానీ గడ్డే కట్టట్లేదు అని చాలామంది బాధపడతారు, నేను చూసినంతవరకు ఎక్కువసార్లు తేడా టైమింగ్‌లోనే. క్యాబేజీకి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఇష్టం, గడ్డ కట్టే టైముకి ఎండలు ముదిరాయంటే ఆకులు వదులువదులుగా ఉండిపోతాయి. అందుకే చలి వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ఒక నెల ముందే నారు పోసేయండి.

నాలుగైదు ఆకులు వచ్చాక సాయంత్రం పూట నాటండి, మొక్కకీ మొక్కకీ 45 సెంటీమీటర్లు వదలండి, ఖాళీ ఉంది కదా అని మధ్యలో ఇంకోటి ఇరికిస్తే రెండూ చిన్న గడ్డలే ఇస్తాయి. మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, నాటిన మూడు నాలుగు వారాలకి మొదళ్ళ చుట్టూ ఇంకోసారి వేయండి.

ఇక నీళ్ళు, అసలు కథంతా ఇక్కడే ఉంది. నాలుగు రోజులు ఎండబెట్టేసి ఒకేసారి బకెట్లు పోస్తే లోపల ఆకులు గబగబా పెరిగి గట్టిపడిన గడ్డ పగిలిపోతుంది, కాబట్టి తడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి పరిస్తే ఆ పని సగం అదే చేస్తుంది. గడ్డ తయారైంది కానీ అప్పుడే కోయాలని లేదా? రెండు చేతులతో గడ్డని పట్టుకుని మెల్లగా సగం చుట్టు తిప్పండి, కొన్ని వేర్లు తెగి నీళ్ళు తాగడం తగ్గుతుంది, పగలదు. నాకు ఎంతో నచ్చిన చిట్కా ఇది.

తెల్ల సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయంటే ఆకుల అడుగున పసుపు గుడ్లు వెతికి నలిపేయండి. నాటిన రోజే సన్నటి నెట్ కప్పేస్తే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

కాలీఫ్లవర్‌కీ ఇదే పద్ధతి, కాకపోతే పువ్వు చిన్న గుడ్డంత అవ్వగానే చుట్టూ ఆకుల్ని పైకి మడిచి కట్టేయాలి, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. క్యారెట్, ముల్లంగి మాత్రం నారు పోసి నాటొద్దు, నేరుగా విత్తేయండి, పీకి నాటితే దుంపలు చీలికలై వంకర్లు పోతాయి. బఠాణీకి పాకడానికి పుల్లలు చాలు, ఎరువు పెద్దగా అడగదు.

క్యాబేజీ కోసేటప్పుడు మొక్కంతా పీకేయకండి, కింది నాలుగు ఆకులతో మోడు వదిలేసి నీళ్ళు పోస్తూ ఉండండి, చలి ఇంకా ఉంటే పక్కల నుంచి చిన్నచిన్న గడ్డలు మళ్ళీ వస్తాయి.