కొత్త ఎయిర్‌లైన్ ఆఫర్ లెటర్ చేతికొస్తే జీతం ఎలా లెక్కకట్టాలి

ఒక చిన్న విమాన సంస్థ అకౌంట్స్‌లో పైలట్ల జీతాలు చూసేదాన్ని. నెలాఖరుకు ఆపరేషన్స్ వాళ్లు ఎగిరిన గంటల షీటు పంపేవాళ్లు. దాన్ని పట్టుకుని ఎవరికి ఎంత రావాలో తేల్చి బ్యాంకుకు పంపడం నా పని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. అయినా తెలిసినవాళ్ల పిల్లలకు కొత్త ఎయిర్‌లైన్ నుంచి ఆఫర్ వస్తే లెటర్ ముందు నాకే వాట్సాప్‌లో వస్తుంది. ఈమధ్య మా అక్క కొడుకు పంపాడు. "పిన్నీ, నెలకు రెండు లక్షల ఇరవై వేలంట. సంతకం పెట్టేయనా?" అన్నాడు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోసం ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబం అది. వాడికి చెప్పిన మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పెద్ద అంకెను విడదీయాలి. పైలట్ జీతంలో ఒక భాగం నేల మీద కూర్చున్నా వస్తుంది. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ లాంటివి. రెండో భాగం ఎగిరితేనే వస్తుంది. దాన్ని బ్లాక్ గంటల మీద కడతారు, అంటే విమానం పార్కింగ్ నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో ఆగేవరకు పట్టిన సమయం. ఈ రెండింటి మధ్య ఇంకో ముఖ్యమైన అంకె ఉంటుంది. ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటల డబ్బు ఇస్తామని కంపెనీ రాసిచ్చే గ్యారంటీ. ఎయిర్ ఇండియా 2023లో జీతాలు సవరించినప్పుడు ఈ గ్యారంటీని 20 గంటల నుంచి 40కి పెంచింది. అదే ఏడాది మేలో స్పైస్‌జెట్ కెప్టెన్లకు నెలకు 7.5 లక్షలు ప్రకటించింది. అది 75 గంటల ఫ్లయింగ్‌కు చెప్పిన మొత్తం. వార్త చదివినవాళ్లలో చాలామందికి లక్షలే గుర్తున్నాయి, గంటలు గుర్తులేవు.

మావాడి లెటర్‌లో ఫిక్స్‌డ్ 80,000. గంటకు 2,000 చొప్పున 70 గంటలకు 1,40,000. రెండూ కలిపి 2,20,000. గ్యారంటీ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. నెలకు 30 గంటలే దొరికితే చేతికొచ్చేది 1,40,000, అదీ పన్ను, పీఎఫ్ కోయకముందు. 60 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 82,600. ఇక ఒక్క గంట కూడా ఎగరని నెలలో ఈఎంఐ కట్టడానికే జీతం చాలదు. అందుకే హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు జీతం పెంచమని అడగొద్దు, గ్యారంటీ గంటలు రాసివ్వమని అడగండి. ట్రైనింగ్‌లో ఉన్న నెలల్లో, విమానం రిపేరులో ఉన్న నెలల్లో కూడా అది వర్తిస్తుందా అని మెయిల్‌లో అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.

తర్వాతి ప్రశ్న, అన్ని గంటలు ఇచ్చే స్తోమత ఆ కంపెనీకి ఉందా? దీనికి చిన్న లెక్క ఉంది. లో కాస్ట్ ఎయిర్‌లైన్ తన జెట్‌ను రోజుకు దాదాపు 12 గంటలు తిప్పాలని చూస్తుంది. నెలకు 360 గంటలు. ఒక్కో పైలట్‌కు 70 గంటలు ఇవ్వాలంటే ఆ విమానానికి కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జంటలు ఐదు సరిపోతాయి. సెలవులు, ట్రైనింగ్, స్టాండ్‌బై కలిపితే ఆరేడు. కంపెనీలో పైలట్లు ఎంతమంది, ఎగురుతున్న విమానాలు ఎన్ని అని కనుక్కోండి. విమానానికి పది జంటలుంటే ఒక్కొక్కరికి సగటున వచ్చేది 36 గంటలే.

ఇది జరగని విషయమేమీ కాదు. ఆకాశ ఎయిర్ 2022 ఆగస్టులో మొదలైంది. 2021లో 72, 2024 జనవరిలో ఇంకో 150 బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు ఆర్డర్ ఇచ్చింది, వాటిని చూసుకుని పైలట్లను ముందే తీసుకుంది. అదే 2024 జనవరిలో అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్ విమానానికి డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటును మూసే పలక) గాల్లోనే ఊడిపోయింది. బోయింగ్ మీద నిఘా పెరిగింది. ఆ తర్వాత అక్కడి కార్మికుల సమ్మె. విమానాల రాక ఆలస్యమైంది, వందల మంది పైలట్లు ఫ్లయింగ్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. కంపెనీ చెడ్డది కాదు, వ్యాపారం కూడా నడుస్తూనే ఉంది. అయినా కుర్ర ఫస్ట్ ఆఫీసర్ల గంటలకు గండి పడింది. కాబట్టి ఎన్ని విమానాలు ఆర్డర్ చేశారన్నది కాదు, ఈ ఆరు నెలల్లో ఎన్ని చేతికొస్తాయన్నది అడగండి.

ఇక నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. కంపెనీలో డబ్బు బిగిసినప్పుడు ఎవరికి ముందు కడతారు? నేను పనిచేసిన చోట ఈ వరస నా కళ్లముందే తేలిపోయింది. ఇంధనం కంపెనీ అప్పివ్వడం ఆపేసి క్యాష్ అండ్ క్యారీ (డబ్బు కడితేనే ఇంధనం) పెడితే మొదట దానికి, లేకపోతే విమానం లేవదు. తర్వాత ఎయిర్‌పోర్టు చార్జీలు, లీజు అద్దె, ఇన్సూరెన్స్. ఆ తర్వాత జీతాలు. అవి కూడా ముందు కింది స్థాయి సిబ్బందికి, పైలట్లకు రెండు మూడు వాయిదాల్లో. పైలట్లకు జీతం ఎక్కువ కాబట్టి కొన్నాళ్లు ఓర్చుకుంటారని పైవాళ్ల ఆలోచన. ఇంటి అద్దె, ఈఎంఐ ఓర్చుకోవని ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాల్సింది నేను. అన్నిటికంటే ముందు ఆగేది మాత్రం పీఎఫ్. జీతంలోంచి కోస్తారు, ఖాతాలో మాత్రం జమ కాదు. జీతం ఆగితే అదే రోజు అందరికీ తెలుస్తుంది, పీఎఫ్ ఆగితే ఎవరూ చూడరు.

అందుకే ఆ కంపెనీలో పనిచేసే స్నేహితుడు ఉంటే జీతం టైముకు వస్తోందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఉమంగ్ యాప్‌లో తన పీఎఫ్ పాస్‌బుక్ చూడమనండి. ఒక నెల వాటా తర్వాతి నెల 15 లోపు జమ కావాలి. వరసగా రెండు మూడు నెలలు ఖాళీగా ఉంటే నేనైతే ఆ ఆఫర్‌ను పక్కన పెడతాను. జీతంలో కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను సైట్‌లో తన పేరున కనిపిస్తోందా అన్నది కూడా చూడమనండి.

స్నేహితులు లేకపోయినా తెలుసుకునే దారులున్నాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూస్తే, బాకీ రావాల్సినవాళ్లు కేసులు వేశారేమో తెలుస్తుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా సీట్లు ఎంత శాతం నిండాయో, ఎన్ని ఫ్లైట్లు రద్దయ్యాయో ప్రకటిస్తుంది. ఏ విమానం ఎక్కడ ఎగురుతోందో చూపించే ఫ్లైట్‌రాడార్‌లో ఒక వారం పాటు వాళ్ల విమానాలను గమనించండి. ఆరు విమానాలున్నాయని చెప్పుకునే కంపెనీకి నాలుగే తిరుగుతుంటే మిగతా రెండింటి సంగతి ఇంటర్వ్యూలో అడగడానికి మొహమాటపడొద్దు.

వ్యాపారం సంగతి చూస్తే, మన దేశంలో దేశీయ ప్రయాణికుల్లో 60 శాతం పైన ఇండిగోవాళ్లే. మిగతాదాంట్లో పెద్ద వాటా ఎయిర్ ఇండియా గ్రూపుది. కొత్తగా వచ్చేవాళ్లకు విమానం లీజు డాలర్లలో, టికెట్ డబ్బు రూపాయల్లో. ఇంధనం జీఎస్‌టీలో లేదు, రాష్ట్రానికో రేటున వ్యాట్ కట్టాలి. నాలుగైదు విమానాలతో నడిచే కంపెనీకి ఒక్క విమానం ఆగినా నెల ఆదాయంలో పెద్ద గండి పడుతుంది. ఈ కష్టం తెలుగువాళ్లకు కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో మొదలై 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015లో వచ్చింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ప్రభుత్వ ఉడాన్ పథకం తొలి విమానాలు ఎగిరిన రోజున, కడప–హైదరాబాద్ సర్వీసు నడిపింది వాళ్లే. 2022 ఫిబ్రవరి తర్వాత ఆ విమానాలు ఎగరలేదు. ఉడాన్ రూట్ల మీద నడిచే కంపెనీ అయితే ఇంకో విషయం అడగాలి. ప్రభుత్వం ఇచ్చే గ్యాప్ ఫండింగ్ (ఖర్చుకు, ఆదాయానికి మధ్య లోటు పూడ్చే సాయం) ఒక రూట్‌కు కొన్నేళ్లే. అది అయిపోయాక ఆ రూట్ సొంతంగా నిలబడుతుందా?

ఎయిర్ కోస్టా కథలో పైలట్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. వాళ్లవి ఎంబ్రాయర్ జెట్లు. 2017లో మూతపడే నాటికి మన దేశంలో ఆ రకం జెట్లతో షెడ్యూల్డ్ సర్వీసులు నడిపే కంపెనీ ఇంకొకటి లేదు. లక్షలు పోసి తెచ్చుకున్న టైప్ రేటింగ్‌తో, అంటే ఆ ఒక్క రకం విమానం నడిపే అర్హతతో, పక్క కంపెనీ తలుపు తట్టే వీలు లేకుండా పోయింది. అదే 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు దాని పైలట్ల చేతిలో ఎయిర్‌బస్ ఏ320 రేటింగ్ ఉంది. ఇండిగో, ఎయిర్ ఇండియా రెండూ అదే విమానం నడుపుతాయి. అందుకే జీతం ఓ ఇరవై వేలు తక్కువైనా ఎక్కువ కంపెనీలు నడిపే విమానం వైపే నేను మొగ్గుతాను. ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) కూడా మంచిదే. చిన్న కంపెనీలో గంటలు బాగా దొరికితే కెప్టెన్ కావడానికి ఉండాల్సిన ఏటీపీఎల్ లైసెన్స్‌కు కావాల్సిన 1,500 గంటలు పూర్తి చేసి కెప్టెన్ సీటు తొందరగా అందుకోవచ్చు. పెద్ద కంపెనీలో ఆ వరస పొడుగ్గా ఉంటుంది. కొత్త కంపెనీలో చేరడానికి నాకు కనిపించే గట్టి కారణం అదే.

ఎన్‌ఓసీకి, ఏఓసీకి తేడా తెలుసుకోండి. పౌర విమానయాన శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ కంపెనీ పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే డీజీసీఏ నుంచి ఏఓసీ (విమానాలు నడిపే సర్టిఫికెట్) రావాలి, దానికి విమానం, సిబ్బంది, నడపగలమని చూపించే ప్రూవింగ్ ఫ్లైట్లు కావాలి. ఎన్‌ఓసీ దశలోనే టైప్ రేటింగ్‌కు డబ్బు కట్టమంటే కట్టొద్దు. కట్టక తప్పదనుకుంటే సిమ్యులేటర్ తేదీ ఖరారయ్యాక నేరుగా ట్రైనింగ్ సంస్థకే కట్టండి. ఆ తేదీ దాటితే డబ్బు వెనక్కి వచ్చే షరతు రాయించుకోండి.

బాండ్ (ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో వెళ్తే డబ్బు కడతాను అని రాసిచ్చేది), నోటీసు పీరియడ్ చదవకుండా సంతకం పెట్టకండి. డీజీసీఏ నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కు నోటీసు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది. 2023లో నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోయిన పైలట్ల మీద ఆకాశ కోర్టుకెక్కింది. కంపెనీయే జీతం ఆపేస్తే బాండ్ రద్దవుతుందని మీ కాంట్రాక్ట్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించమని అడగండి. ఒప్పుకోకపోయినా, అడిగితే వాళ్ల ధోరణి ఏమిటో తెలుస్తుంది.

చేరిన తర్వాత కూడా కొన్ని పనులు ఆపొద్దు. ప్రతి నెలా పే స్లిప్ డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌కు పంపుకోండి, కంపెనీ సర్వర్ ఆగాక అవి దొరకవు. ఎగిరిన గంటలను డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ఎప్పటికప్పుడు కంపెనీ చేత ధ్రువీకరింపజేసుకోండి. మూతపడిన కంపెనీలో సంతకం పెట్టేవాళ్ల కోసం తిరగడం నేను చూశాను, చాలా నరకం. ఫ్లయింగ్ ఆగితే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌ల నిబంధన కూడా మీద పడుతుంది, సొంత డబ్బుతో సిమ్యులేటర్‌కు వెళ్లాల్సి రావొచ్చు. కనీసం ఆరు ఈఎంఐల డబ్బు పక్కన ఉంచుకోండి.

ఒకవేళ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే, ప్రకటన వచ్చిన వెంటనే ఉద్యోగులు తమ బకాయిల కోసం ఫారం డి నింపి, దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పంపాలి. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, అపాయింట్‌మెంట్ లెటర్ జతచేయాలి. లిక్విడేషన్ (కంపెనీని మూసి ఆస్తులు అమ్మడం) దాకా వెళ్తే కార్మికులకు 24 నెలల బకాయికి, మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయికి చట్టం చెల్లింపుల వరసలో చోటు ఇచ్చింది. కానీ ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. అందుకే రెండో నెల జీతం ఆగినప్పుడే ఇంకో చోట దరఖాస్తు పెట్టండి, మూడో నెల దాకా చూడకండి.